పేరు ఉంచితేనే

మీ ఫోన్ తీసి సెట్టింగ్స్ తెరవండి. అట్టడుగున ‘ఫోన్ గురించి’ అని ఉంటుంది. దానిలో చట్టపరమైన సమాచారం, ఇంకా లోపల ఓపెన్ సోర్స్ లైసెన్సులు. నొక్కి, వేలితో పైకి తోస్తూ పోండి. పేరు, సంవత్సరం, నాలుగు పేరాల ఇంగ్లీషు. మళ్లీ పేరు, సంవత్సరం, నాలుగు పేరాలు. ఒకసారి నేను తెనాలి బస్టాండులో నిలబడి తోస్తూనే ఉన్నాను. బస్సు వచ్చింది గానీ జాబితా అవలేదు.

ఆ పేజీ ఎవరూ చదవరు. కంపెనీ ఏదో మర్యాదకి పెట్టిందనుకుంటాం. కాదు. ఆ పేజీ లేకుండా ఆ ఫోన్ అమ్మడానికి ఆ కంపెనీకి హక్కు లేదు. ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పడానికి మొన్న పండక్కి నాకు మూడు రోజులు పట్టింది. భోగిమంట దగ్గర మొదలుపెడితే కనుమ సాయంత్రానికి తేలింది. మీకు మాత్రం ఒక్క విడతలోనే చెప్పేస్తాను, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

మా అన్నయ్య కొడుకు గుంటూరులో ఇద్దరు స్నేహితులతో కలిసి మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టాడు, ఏ ఛాంబరులో పెట్టాడు, అద్దె ఎంతైంది, ఆ సరుకు మీద బ్యాంకు అప్పుందా లేదా, అన్నీ అందులో కనబడతాయి. కష్టపడి చేశారు. ఎండాకాలం గోడౌన్లలో ఘాటుకి తుమ్ముకుంటూ తిరిగి, గుమాస్తాలు రాసే పద్దు పుస్తకాలు చూసి నేర్చుకున్నారు. ఇప్పుడు అమెరికాలో ఆపిల్ పళ్లు నిలవ చేసే ఒక సంస్థ అదే కావాలంది. బేరం కుదిరింది. సంతకాలకి ముందు వాళ్లు 14 పేజీల ప్రశ్నావళి పంపారు.

చీకటితోనే భోగిమంట వేశాం. పిడకల దండ మంటలో పడేసి, చేతులు కాచుకుంటూ వాడు ఫోన్‌లో నాలుగో పేజీ చూపించాడు. “అత్తా, మీరు వాడిన ఓపెన్ సోర్స్ భాగాలన్నీ రాయండి, ఒక్కోదాని లైసెన్సు ఏదో చెప్పండి, పేటెంటు గొడవ రాదని హామీ ఇవ్వండి అంటున్నారు. అవన్నీ ఫ్రీయే కదా! ఊరికే దొరికేదానికి లైసెన్సేంటి?”

నా ఉద్యోగమే అది. హైదరాబాదులో ఒక కంపెనీలో, ఇంజనీర్లు బయటినుంచి తెచ్చుకునే ఓపెన్ సోర్స్ కోడ్, అంటే రాసినవాళ్లు అందరికీ బయటపెట్టిన కోడ్, ఏ షరతుల మీద వచ్చిందో చూసి చెప్పడం. వాడి ప్రశ్న నేను వెయ్యిసార్లు విన్నదే. ఇంగ్లీషులో ఫ్రీ అన్న ఒక్క మాటే ఊరికే రావడానికీ, స్వేచ్ఛకీ సరిపోతుంది గనక ఈ తికమక. మనకా బాధ లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపేవాళ్లు తమ సంస్థకి ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకున్నారు. ఈ ఆలోచనకి ఆద్యుడు రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో తన ఈమ్యాక్స్ ప్రోగ్రాముని టేపు మీదకెక్కించి 150 డాలర్లకి అమ్మాడు. అమ్మకం తప్పని వాళ్లెప్పుడూ అనలేదు. వ్యాపారానికి వాడొద్దనే లైసెన్సుని ఓపెన్ సోర్స్ కింద లెక్కించరు కూడా. కాబట్టి, నువ్వు అమ్ముకోవచ్చురా, ఎవరూ కాదనరు, కానీ వాళ్లేం అడిగారో అది చెయ్యాలి అన్నాను.

“చెయ్యకపోతే ఏమవుతుంది? ఊరికే ఇచ్చినవాడు కోర్టుకెళ్లి ఏం వసూలు చేస్తాడు?”

అప్పుడు వాడికి బొమ్మ రైళ్ల కథ చెప్పాను. ఈ విషయంలో నాకు ఇంతకన్నా ఇష్టమైన కథ లేదు, తీరిగ్గా చెప్పనివ్వండి.

అమెరికాలో బొమ్మ రైళ్లు పెద్దవాళ్ల సరదా. గది నిండా పట్టాలు, వంతెనలు, స్టేషన్లు కట్టుకుంటారు. ఒక్కో ఇంజనులో డీకోడర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. దానిలో అంకెలు మారిస్తే ఇంజను ఎంత మెల్లగా కదలాలి, దీపం ఎప్పుడు వెలగాలి అన్నీ మారతాయి. చిక్కేమిటంటే ఒక్కో తయారీదారు చిప్పులో ఆ అంకెల అమరిక ఒక్కోలా ఉంటుంది. బర్కిలీలో భౌతికశాస్త్రం చెప్పే రాబర్ట్ జేకబ్సన్ అనే ప్రొఫెసరు, ఆయనలాంటి అభిరుచి ఉన్న మరికొందరు కలిసి జేఎంఆర్‌ఐ అనే ప్రాజెక్టు నడిపారు. ప్రతి చిప్పుకీ ఏ అంకె ఎక్కడుంటుందో వివరించే ఫైళ్లు తయారుచేసి, అందరికీ అందుబాటులో పెట్టారు. ఆర్టిస్టిక్ లైసెన్సు అనే కాగితం మీద ఇచ్చారు. కాపీ చేసుకోండి, మార్చుకోండి, పంచుకోండి. మా పేర్లు, కాపీరైటు మాట అలాగే ఉంచండి, ఏం మార్చారో చెప్పండి. అడిగింది దాదాపు ఇంతే.

ఆరెగాన్ రాష్ట్రంలో మాథ్యూ కాట్జర్ అనే ఆయన ఇలాంటి సాఫ్ట్‌వేరే అమ్మేవాడు. బొమ్మ రైళ్లను కంప్యూటరుతో నడిపే పద్ధతి మీద ఆయనకి పేటెంట్లు కూడా ఉన్నాయి. నువ్వు నా పేటెంటు ఉల్లంఘిస్తున్నావు, డబ్బు కట్టమని జేకబ్సన్‌కి బిల్లులు పంపడం మొదలుపెట్టాడు. బిల్లు రెండు లక్షల డాలర్లు దాటింది. ఊరికే పంచిపెట్టేవాడికి! జేకబ్సన్ 2006లో కోర్టుకెక్కాడు. పేటెంటు పోరు అలా ఉండగా ఇంకొకటి బయటపడింది. కాట్జర్ అమ్ముతున్న సాఫ్ట్‌వేర్‌లో జేఎంఆర్‌ఐ వాళ్ల ఫైళ్లే ఉన్నాయి. రాసినవాళ్ల పేర్లు లేవు. కాపీరైటు మాట లేదు. లైసెన్సు ఎక్కడుందో చెప్పే వాక్యం లేదు. ఎక్కడినుంచి తెచ్చారో, ఏం మార్చారో ఏమీ లేదు.

ఇది ఆపించమని జేకబ్సన్ అడిగితే శాన్‌ఫ్రాన్సిస్కోలోని దిగువ కోర్టు 2007లో కుదరదంది. లైసెన్సు అంత ఉదారంగా ఇచ్చేశావు, ఇక పేరు పెట్టకపోవడం ఒప్పందంలో మాట తప్పడమే తప్ప కాపీరైటు ఉల్లంఘన కాదు అంది. పైకి చిన్న తేడాలా కనిపిస్తుంది. కానీ చూడండి, మాట తప్పితే వచ్చేది నష్టపరిహారం. ఊరికే ఇచ్చినదానికి నష్టం ఎంతని లెక్క కడతారు? కాపీరైటు ఉల్లంఘన అయితే అమ్మకమే ఆపించవచ్చు. ఆ తీర్పే నిలిచి ఉంటే ప్రపంచంలో ఊరికే కోడ్ రాసిచ్చినవాళ్లందరి షరతులూ ఉత్త విన్నపాలుగా మిగిలేవి.

జేకబ్సన్ అప్పీలుకి వెళ్లాడు. 2008 ఆగస్టు 13న ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ తీర్పు తోసిపుచ్చింది. వాళ్లు పట్టుకున్నది లైసెన్సులోని రెండే రెండు ఇంగ్లీషు మాటల్ని. తెలుగులో అయితే రెండు మాటలు కూడా అక్కర్లేదు, ఒక్క ‘తేనే’ చాలు. నా పేరు ఉంచి వాడుకో అంటే కోరిక. నా పేరు ఉంచితేనే వాడుకో అంటే షరతు. షరతు తీరకపోతే అనుమతి లేదు. అనుమతి లేకుండా వాడితే కాపీరైటు ఉల్లంఘనే. డబ్బు చేతులు మారనంత మాత్రాన ఇందులో ఆర్థిక ప్రయోజనం లేదనుకోకూడదని కూడా కోర్టు అంది. పేరు వస్తుంది, పదిమంది చెయ్యి వేసి పని మెరుగుపరుస్తారు, అదీ సంపాదనే అని గుర్తించింది. 2010లో రాజీ కుదిరింది. కాట్జర్ లక్ష డాలర్లు కట్టడానికి, ఆ ఫైళ్ల జోలికి ఇక పోకుండా ఉండడానికి ఒప్పుకున్నాడు. బిల్లులు పంపడానికి ఆధారమైన పేటెంటుని అంతకుముందే, 2008లో, తనే వదులుకున్నాడు.

ఒక్క భౌతికశాస్త్రం మాస్టారు బొమ్మ రైళ్ల కోసం నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరగబట్టి, ఇవాళ పెద్ద పెద్ద కంపెనీలు కూడా లైసెన్సు కాగితాన్ని నిజం కాగితంలా చూస్తున్నాయి. ఆ తీర్పు అమెరికాది. ఇక్కడా దారి వేరు కాదు. మన 1957 కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాముని సాహిత్య కృతి కింద లెక్కేస్తుంది. ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు రచయితకి 57వ సెక్షన్‌లో ప్రత్యేకంగా ఉంది. కవికి ఎంతో, కోడ్ రాసిన కుర్రాడికీ అంతే.

ఇంతా విని మావాడు “మేమెవరి పేర్లూ తీసేయలేదు అత్తా” అన్నాడు. లాప్‌టాప్ తెమ్మన్నాను. మంట ఆరాక అరుగు మీద కూర్చుని, వాళ్ల సర్వర్ వినియోగదారు బ్రౌజర్‌కి పంపే ఫైలు తెరిచాం. అందులో కోడ్ అంతా ఒకే ఒక్క పొడుగాటి వరస. ఖాళీ జాగా లేదు, వ్యాఖ్యలు లేవు. వెతికే పెట్టెలో కాపీరైటు అని కొట్టాను. ఒక్కటీ దొరకలేదు. తర్వాత వాళ్లు దించుకున్న మూలం ఫైలు తెరిచాను. తల మీదే ఉంది, రచయిత పేరు, సంవత్సరం, ఈ ప్రకటన అన్ని ప్రతుల్లోనూ ఉండాలి అనే వాక్యం.

వాడి మొహం చిన్నబోయింది. “మేం తియ్యలేదు, ఫైలు చిన్నదవ్వాలని నడిపే టూల్ తీసేసింది” అన్నాడు. నిజమే. అందులో దురుద్దేశం లేదు. రోజూ లక్షల చోట్ల జరిగేదే. కానీ కాట్జర్ ఫైళ్లలో ఏం లేవో, వీడి ఫైల్లోనూ అవే లేవు. పరిష్కారం పది నిమిషాల పని. ఆ టూల్‌కే ఒక సూచన ఇస్తే తీసేసిన ప్రకటనలన్నీ ఏరి ఒక పక్కన ఫైల్లో పోస్తుంది. దాన్ని యాప్‌లో ఒక పేజీగా పెడితే సరి. మీ ఫోన్‌లో ఇందాక చూసింది అదే.

సంక్రాంతి నాడు భోజనాలయ్యాక జాబితా మొదలుపెట్టాం. వాళ్లు తెలిసి తెచ్చుకున్న భాగాలు 31. ఒక్కోటీ లోపల ఇంకా ఎన్నింటినో లాక్కొస్తుంది, వెరసి 412. వీటిలో ముప్పావు వంతు ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లైసెన్సులవి. పేరు, లైసెన్సు కాగితం ఉంచితే దాదాపు చాలంటాయి. వాటితో ఎక్కువసేపు పట్టలేదు.

జీపీఎల్ అనే లైసెన్సు దగ్గర ఆగాం. అది అడిగేది ఎక్కువ. నా కోడ్ కలిపి చేసినదాన్ని ఇంకొకరికి ఇస్తే, దాని సోర్స్ కోడ్ కూడా, ఇదే లైసెన్సు మీద, వాళ్లకి ఇవ్వాలంటుంది. దీని మీద రెండు అపోహలున్నాయి. వాడితే చాలు మన కోడ్ అంతా ఊరందరికీ పంచాలి అనుకుంటారు కొందరు. కాదు. మన కంపెనీ లోపల వాడుకుంటే ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు, చేతులు మారినప్పుడే షరతు మొదలవుతుంది. ఇన్నాళ్లూ బాగానే ఉంది కదా, ఇకముందూ బాగానే ఉంటుంది అన్నది రెండో అపోహ. మావాడి సంగతి సరిగ్గా ఇదే. ఇన్నాళ్లూ అసలు సాఫ్ట్‌వేర్ వాళ్ల సర్వర్‌లోనే నడిచింది, గోడౌన్ గుమాస్తా బ్రౌజర్‌లో తెర మాత్రం చూసుకున్నాడు. ఇప్పుడు అమెరికా వాళ్లు తమ సర్వర్‌లో పెట్టుకుంటామన్నారు. అంటే సాఫ్ట్‌వేర్ చేతులు మారుతోంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, బేరం మారింది, దాంతో బాధ్యత మారింది.

సర్వర్‌లోనే ఉంచుకున్నా తప్పించుకోలేని ఇంకో లైసెన్సుంది, ఏజీపీఎల్. ఇప్పుడున్న రూపం 2007లో వచ్చింది. దాని కింద వచ్చిన కోడ్‌ని మార్చి నెట్‌వర్క్ మీదుగా జనం చేత వాడించినా సోర్స్ ఇవ్వాలంటుంది. దీని వల్ల నేను కళ్లారా చూసిన దెబ్బ ఒకటుంది. కొన్నేళ్ల కిందట ఒక చిన్న కంపెనీ, పేరు వద్దు, ఇంకో పెద్ద కంపెనీకి అమ్ముడుపోతోంది. నేను కొనేవాళ్ల తరఫున తనిఖీకి వెళ్లాను. బిల్లులని పీడీఎఫ్‌గా మార్చడానికి వాడిన ఒక లైబ్రరీ, అంటే బయటినుంచి తెచ్చిన తయారు కోడ్, ఏజీపీఎల్‌ది. ఎప్పుడో ఒక ఇంజనీరు ఒక మధ్యాహ్నం దించుకుని కలిపేశాడు, అతను ఉద్యోగం మానేసి కూడా మూడేళ్లయింది. ఆ లైబ్రరీ తయారీదారు డబ్బు తీసుకుని వేరే లైసెన్సు కూడా ఇస్తాడు, మొదట్లోనే అడిగి ఉంటే కొద్ది మొత్తంతో పోయేది. బేరం నడిమధ్యలో కొనుక్కోవడానికి వాళ్లకి మనసొప్పలేదు, తీసేసి మళ్లీ రాశారు. రెండు నెలలు. ఆ రెండు నెలలు కంపెనీ స్థాపించిన దంపతులిద్దరూ సరిగ్గా నిద్రపోలేదు. ఆవిడ నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. “ఇది మాకు ఎవరూ ఎందుకు చెప్పలేదండీ?” నేను ఈ కబుర్లు రాస్తున్నది ఆ ప్రశ్న వల్లే.

పెద్ద కంపెనీలకీ ఇలాంటి గొడవ తప్పలేదు. లింక్‌సిస్ వాళ్ల డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రౌటర్, నీలం నలుపు పెట్టె, వెనక రెండు యాంటెన్నాలు, చాలామంది ఇళ్లలో ఉండేది. 2003లో సిస్కో ఆ లింక్‌సిస్‌ని సుమారు 50 కోట్ల డాలర్లకి కొంటున్న రోజుల్లోనే, ఆ పెట్టెలో జీపీఎల్ మీద వచ్చే లినక్స్ ఉందని, సోర్స్ ఇవ్వడంలేదని కొందరు కనిపెట్టారు. ఆ కోడ్ లోపలికి వచ్చిన దారి చూడండి. లింక్‌సిస్‌కి సరుకు చేసిచ్చింది ఒక తైవాన్ కంపెనీ, అందులో చిప్పు ఇచ్చింది బ్రాడ్‌కామ్. పెట్టె మీద పేరున్నవాడికి లోపల ఏముందో తెలియకపోవచ్చు, కానీ అడిగేది పేరున్నవాడినే. చివరికి సోర్స్ బయటపెట్టారు. ఆ సోర్స్ నుంచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ప్రాజెక్టు పుట్టింది, ఇవాళ ఎన్నో రౌటర్లు దాని మీద నడుస్తున్నాయి. సిస్కో మీద ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 డిసెంబరులో దావా వేస్తే, 2009లో రాజీ కుదిరింది. ఈ షరతులు సక్రమంగా పాటిస్తున్నారో లేదో చూడడానికి లింక్‌సిస్‌లో ఒక అధికారిని పెట్టడానికి సిస్కో ఒప్పుకుంది. నేను చేసే పనికి ఒక పెద్ద కంపెనీలో కుర్చీ వేయించిన గొడవ అది, అందుకే నాకు అభిమానం.

ఇక పేటెంటు. ప్రశ్నావళిలో మావాడిని ఎక్కువ భయపెట్టింది ఇదే. మా అమ్మ పక్కనే అరిసెలు డబ్బాలో సర్దుతోంది గనక అరిసెలతోనే చెప్పాను. నానమ్మ అరిసెలు ఎలా చెయ్యాలో ఒక పుస్తకంలో రాసిందనుకో, ఆ రాత మీద ఉండేది కాపీరైటు. ఎవడైనా ఆ పేజీ ఎత్తి రాస్తే తప్పు, తనంతట తను వేరే మాటల్లో రాసుకుంటే తప్పు కాదు. పేటెంటు అలా కాదు, అది పాకం పట్టే పద్ధతి మీదే ఉంటుంది. పుస్తకం జన్మలో చూడనివాడు తనంతట తను అదే పాకం పట్టినా పేటెంటుదారు అడగవచ్చు. అందుకని కోడ్ రాసినవాడి లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన పేటెంటు గొడవ తీరిపోదు. రాసినవాడు తన హక్కు ఇవ్వగలడు. వేరేవాడి పేటెంటు అతనెలా ఇస్తాడు?

తన హక్కునైనా ఇచ్చాడా లేదా అన్నది లైసెన్సుని బట్టి ఉంటుంది. ఎంఐటీ లైసెన్సులో పేటెంటు అన్న మాటే లేదు. 2004లో వచ్చిన అపాచీ రెండో రూపంలో ఉంది. ఈ కోడ్‌కి చెయ్యి వేసిన ప్రతివాడూ, తను వేసిన కోడ్‌కి అవసరమైన తన పేటెంట్లు వాడుకోవడానికి నీకు అనుమతి ఇస్తున్నాడు అంటుంది. దానికో మెలిక కూడా ఉంది, ఇదే కోడ్ మీద నువ్వు పేటెంటు దావా వేస్తే ఆ అనుమతి పోతుంది. 2007లో వచ్చిన జీపీఎల్ మూడో రూపంలోనూ ఇలాంటి రక్షణే పెట్టారు. ఒకే పనికి రెండు లైబ్రరీలు దొరికి, ఒకటి ఎంఐటీది, ఒకటి అపాచీది అయితే, మిగతావన్నీ సమానమైనప్పుడు నేను అపాచీ వైపే చూస్తాను.

మావాడి సాఫ్ట్‌వేర్ తెరలన్నీ రియాక్ట్ అనే లైబ్రరీతో చేసినవే. దాని కథ వాడికి తెలియదు, అది జరిగేనాటికి ఇంటర్ చదువుతున్నాడు. ఫేస్‌బుక్ రియాక్ట్‌ని బీఎస్‌డీ లైసెన్సుకి పేటెంటు కాగితం ఒకటి జోడించి ఇచ్చేది. మామీద పేటెంటు దావా వేస్తే, అది రియాక్ట్‌కి సంబంధించింది కాకపోయినా, నీకిచ్చిన పేటెంటు అనుమతి రద్దు అని అందులో ఉంది. 2017 జూలైలో అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో ఈ లైసెన్సు పనికిరాదంది. సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ తరఫున మాట్ ములెన్‌వెగ్ మేం రియాక్ట్ నుంచి తప్పుకుంటున్నాం అన్నాడు. ఆపైన పదిరోజులు కూడా గడవకుండానే ఫేస్‌బుక్ దాన్ని ఎంఐటీకి మార్చింది. నాకు అందరి సంతోషంతోపాటు కొంచెం శంక కూడా కలిగింది. మెలిక ఉన్న అనుమతి పోయి, దాని గురించి మాటే లేని కాగితం వచ్చింది. వాడుకోమని ఇచ్చాక పేటెంటు అనుమతి కూడా అందులో ఇమిడి ఉన్నట్టేనని చాలామంది లాయర్లంటారు. నాకైతే రాసి ఉన్న మాట మీదే నమ్మకం ఎక్కువ.

మూడోవాడి పేటెంటు ఎలా వచ్చిపడుతుందో చెప్పడానికి టామ్‌టామ్ ఉంది. కారులో దారి చూపించే యంత్రాలు చేసే నెదర్లాండ్స్ కంపెనీ, లోపల లినక్స్. 2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీద దావా వేసింది. అడిగినవాటిలో కొన్ని, మెమరీ కార్డులో పొడుగాటి ఫైలు పేర్లు రాసే పద్ధతి మీది పేటెంట్లు. లినక్స్ రాసినవాళ్ల అనుమతి టామ్‌టామ్‌కి ఉంది. అయినా వచ్చిపడింది. నెల దాటిన కొద్దిరోజులకే డబ్బు కట్టి, ఆ పద్ధతి తీసేస్తామని రాజీపడ్డారు. ఇలాంటివి రాకుండా కంపెనీలు ఒకరి మీద ఒకరు లినక్స్ విషయంలో పేటెంటు కత్తి దూయబోమని మాటిచ్చుకునే కూటమి ఒకటి, ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్, 2005 నుంచి ఉంది. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ కూడా 60,000కి పైగా పేటెంట్లతో అందులో చేరింది. ఆ వార్త చదివిన రోజు ఆఫీసులో ఎవరికి చెప్పినా నమ్మలేదు.

“మన దేశంలో సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్లు ఇవ్వరంటారు కదా?” అన్నాడు. సగం నిజం. మన పేటెంట్ల చట్టం 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాము, వీటికి పేటెంటు లేదు. 2004 చివర్లో ఆర్డినెన్సు తెచ్చి ఆ తలుపు కాస్త తెరవాలని చూస్తే, 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. ముగ్గురు కుర్రాళ్లు గుంటూరులో ఒక గదిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ చెయ్యగలగడానికి ఆ నిర్ణయం ఎంతో మేలు చేసిందని నా గట్టి నమ్మకం. కానీ ఉత్త ప్రోగ్రామా, అంతకుమించిన సాంకేతిక ఫలితం ఉందా అన్న వాదన మీద ఇక్కడా పేటెంట్లు వస్తూనే ఉన్నాయి. పైగా పేటెంటు ఏ దేశానిది ఆ దేశానిదే. సరుకు అమెరికాలో అమ్మితే అమెరికా పేటెంట్లు వర్తిస్తాయి. అందుకని ఏ పేటెంటు గొడవా రాదని హామీ ఇవ్వమంటే ఇవ్వకు అని చెప్పాను. అది ఎవరూ ఇవ్వలేని హామీ. మాకు తెలిసినంతవరకు మామీద ఏ దావా, ఏ నోటీసూ లేదు అని రాయి. పరిహారం కట్టాల్సొస్తే ఇంత మొత్తానికి మించదు అని హద్దు పెట్టించు. మొదటి బేరం చేసే చిన్న కంపెనీలు ఈ పేరా చదవకుండా సంతకం పెట్టడం చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. ఆ పేరా కోసమైనా మంచి లాయరుకి డబ్బు ఇవ్వండి.

జాబితాలో ఫాంట్లు కూడా రాయాలని వాడికి తట్టలేదు. రైతుకిచ్చే రసీదు తెలుగులో మండలి ఫాంటుతో వస్తోంది. తెలుగు ఫాంట్లు ఊరికే దొరకని రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి జీపీఎల్ మీద ఇచ్చారు, ఫాంటు ఇమిడిన పత్రానికి ఆ లైసెన్సు అంటుకోకుండా ఒక మినహాయింపుతో. లేకపోతే ఆ ఫాంటుతో వేసిన పెళ్లి శుభలేఖ కూడా జీపీఎల్ అవుతుందా అన్న మీమాంస వస్తుంది మరి! మండలి, రామభద్ర, ధూర్జటి, గిడుగు లాంటివి ఓఎఫ్ఎల్ అనే ఫాంట్ల లైసెన్సు మీద వచ్చాయి. అలాంటి ఫాంటుతో పుస్తకం వేసి అమ్ముకోవచ్చు, యాప్‌లో పెట్టి అమ్ముకోవచ్చు, ఫాంటుని ఒంటరిగా మాత్రం అమ్మకూడదు. చేసినవారు పేరుని తమకే ఉంచుకుని ఉంటే, మార్చిన ఫాంటుకి ఆ పేరు పెట్టకూడదు. మావాడు ఏమీ మార్చలేదు. లైసెన్సు ఫైలు పక్కన పెడితే చాలు.

రాత్రి పదకొండు దాటాక 400 దగ్గరికి వచ్చాం. అక్కడ ఒకటి చిక్కింది. అంకెల్ని తెలుగు మాటల్లోకి మార్చే చిన్న లైబ్రరీ. రసీదు కింద ‘రెండు వేల నాలుగు వందల యాభై రూపాయలు మాత్రమే’ అని పడేది దాని వల్లే. నూట ఇరవై వరసలుంటుందేమో. ఎవరో విద్యార్థి ఇంటర్నెట్‌లో పెట్టాడు. నూటొకటికి నూట ఒకటి అని కాకుండా నూటొక్కటి అని మనం అనేట్టే రాశాడు, చూడగానే ముచ్చటేసింది. దానికి లైసెన్సు ఫైలే లేదు.

“హమ్మయ్య, దీనికి షరతులే లేవు” అన్నాడు మావాడు. అన్నిటికన్నా కష్టమైంది ఇదే అని చెప్పాల్సొచ్చింది. ఏమీ రాయలేదంటే అన్నీ వదిలేశాడని కాదు, ఏ అనుమతీ ఇవ్వలేదని. చట్టం దృష్టిలో అది పూర్తిగా అతనిదే. బయట పెట్టాడు గనక చూడొచ్చు, అంతే. తీసేసి మళ్లీ రాయడమా, అడగడమా? అడుగు అన్నాను. నాలుగు వాక్యాలు రాశాడు. మేం ఫలానా, మీ లైబ్రరీ రెండేళ్లుగా వాడుతున్నాం, అడగకుండా వాడినందుకు క్షమించండి, మీకిష్టమైతే ఏదో ఒక లైసెన్సు పెట్టగలరా అని.

కనుమ నాడు గారెలు వండుతుంటే వాడు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. జవాబొచ్చింది. ఆ అబ్బాయి ఇప్పుడు చదువైపోయి ఉద్యోగంలో ఉన్నాడట. దాన్ని ఒకరు వాడుతున్నారని ఇవాళే తెలిసిందండీ అని రాశాడు. ఏ రసీదు మీద వస్తుందో ఒక ఫొటో పంపగలరా అని అడిగాడు. లైసెన్సు ఫైలు అప్పటికే చేర్చాడు, అపాచీ, మీద తన పేరు, ఊరి పేరుతో సహా. మావాడు జాబితాలో ఆ వరస నింపి, గల్లాలోంచి ఒక పాత రసీదు వెతికి ఫొటో తీసి పంపమని గుంటూరులో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాడు.